పెల్టన్ కాదన్న రోజు

జనవరి 4, ఆదివారం

పెల్టన్ మీద నేను రాస్తున్న పుస్తకం వేస్తామన్న ప్రెస్ వాళ్ళు ఒక పేజీ సారాంశం పంపమన్నారు. ఇంగ్లీషులో ఎన్నిసార్లు రాసినా పేలవంగానే వస్తోంది. నాకు నేను తెలుగులో చెప్పుకుంటే కుదురుతుందేమోనని ఇక్కడ రాసుకుంటున్నాను.

జోసయా పెల్టన్. అమెరికాలో వెర్మాంట్ కొండల్లో, రాళ్ళు తప్ప పంట పండని పొలంలో పుట్టాడు. ఇరవై దాటాక కాలువ పడవ మీద, ఆ తర్వాత సరస్సు మీద ఆవిరి ఓడలో డెట్రాయిట్ చేరాడు. పగలు తోళ్ళ కార్ఖానాలో పని, సాయంత్రాలు ఒక ప్లీడరు దగ్గర చదువు. చివరికి తనే ప్లీడరయ్యాడు. మాటకారి. డెమోక్రాట్ల తరఫున మిషిగన్ శాసనసభకి మూడుసార్లు గెలిచాడు. రోడ్లు వేయించాడు, బడులు కట్టించాడు, పార్టీ చెప్పిన ప్రతిదానికీ సరేనన్నాడు. వచ్చే ఎన్నికలో అతన్ని వాషింగ్టన్‌కి, జాతీయ చట్టసభకి పంపాలని పార్టీ పెద్దలు నిర్ణయించుకున్నారు.

1851లో ఆ తీర్మానం వచ్చింది. దక్షిణాది నుంచి పారిపోయి వచ్చిన బానిసల్ని ఉత్తరాదివాళ్ళు పట్టి అప్పగించాలన్న కొత్త చట్టాన్ని తమ సభ సమర్థిస్తోందని. ఓటేస్తానని పెల్టన్ మాటిచ్చాడు. ఆ రోజు గుమాస్తా పేరు పిలిస్తే లేచి, కాదన్నాడు. ఆ ఒక్క మాటే. ఉపన్యాసం ఏమీ లేదు. తీర్మానం ఎలాగూ నెగ్గింది. పెల్టన్ మళ్ళీ ఏ ఎన్నికా గెలవలేదు.

ఎందుకు కాదన్నాడు? అతను ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. రిటైరైనప్పటినుంచీ నేను వెతుకుతున్నది ఆ ఒక్క సంగతే. ఏడో అధ్యాయం అదే. నా దగ్గర మూడు ఊహలున్నాయి. చర్చి ప్రభావం కావచ్చు. భార్య అబిగేల్ మాట కావచ్చు. నది ఒడ్డున పట్టుబడ్డ మనిషిని ఎవరినైనా కళ్ళారా చూశాడేమో. మూడింటికీ ఆధారం లేదు.

పారిపోయినవాళ్ళు దాటి వచ్చింది ఈ నదినే. అవతల డెట్రాయిట్, ఇవతల కెనడా ఒడ్డున మేము.

జనవరి 10

మహీధర్ వచ్చాడు. నేను విండ్సర్‌లో లెక్చరర్‌గా చేరిన కొత్తలో మాకు ఈ టౌన్‌లో ఇల్లు చూసిపెట్టింది అతనే. గుండె డాక్టరుగా ఇక్కడ సగం మందికి తెలిసినవాడు. మా అమ్మాయి ప్రియ టౌన్ కౌన్సిలర్‌గా నిలబడ్డప్పుడు ముందుగా తన ఇంటి ముందు ప్రచారం బోర్డు పాతింది కూడా అతనే.

ఈసారి ఒక పిటిషన్ తెచ్చాడు. బంధుత్వం లేనివాళ్ళు ఒక ఇంట్లో నలుగురికి మించి అద్దెకుండకూడదని టౌన్ కౌన్సిల్ ఒక బైలా, అంటే ఊరి చట్టం, తీసుకురావాలని. మన వీధిలోనే మూడిళ్ళలో స్టూడెంట్లు కిక్కిరిసి ఉన్నారు, చెత్తడబ్బాలు పొంగిపోతున్నాయి, కార్లు పేవ్‌మెంట్ మీదికి ఎక్కించేస్తున్నారు అన్నాడు. నిజమే. డిసెంబర్‌లో వాళ్ళావిడ ఈశ్వరమ్మగారు పేవ్‌మెంట్ మీద కారు అడ్డంగా ఉంటే రోడ్డులోకి దిగి, మంచు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆవిడ ఇంకా వాకర్‌తోనే ఉన్నారు.

సంతకం పెట్టాను. ఇది భద్రతకి సంబంధించిన విషయం. బేస్‌మెంట్లో మంటలు అంటుకుంటే ఎవరిది పూచీ?

జనవరి 11

మా ఆవిడ సూర్యకుమారి నాతో మాట్లాడటం లేదు. సంతకం సంగతి తెలిసింది. పక్కింట్లో చదువుకునే అమ్మాయిలు ఆరుగురు అద్దెకున్నారు. పండక్కీ పబ్బానికీ వాళ్ళకి ఈవిడ ఏదో ఒకటి వండి పంపుతూనే ఉంటుంది.

జనవరి 22

మైనస్ పంతొమ్మిది. పని సాగలేదు.

ఫిబ్రవరి 2

పక్కింటి రిషిత సాంబారు గిన్నె తిరిగివ్వడానికి వచ్చింది. కరీంనగర్ పిల్ల. పగలు కాలేజీ, సాయంత్రాలు కాఫీ షాపులో పని. సూర్యకుమారి ఇంట్లో లేదు. బూట్లు విప్పకుండా గుమ్మం దగ్గరే నిలబడింది.

"అంకుల్, ఈ బైలా పాసైతే మాలో ఇద్దరం పోవాలంట కదా. చదువు మధ్యలో ఏడికి పోతం? యూనివర్సిటీ దగ్గర రూములు అసలే లేవు. ప్రియక్క మా దిక్కే ఉంటది కదా?"

కౌన్సిల్ వ్యవహారాలు నువ్వు అనుకున్నంత సులువు కావమ్మా, అన్ని పక్షాలూ వినాలి అన్నాను. అబద్ధం చెప్పలేదు. ఆ పిల్ల తలూపి వెళ్ళిపోయింది. గుమ్మంలో బూట్ల మంచు కరిగి మడుగు కట్టింది. నేనే తుడిచాను.

ఫిబ్రవరి 8

ఐదో అధ్యాయం సరిదిద్దాను. పెల్టన్ మంచి రోజులు. లాన్సింగ్ అడవి మధ్య కొత్తగా వెలసిన రాజధాని, కొయ్యతో కట్టిన శాసనసభ, లాడ్జింగుల్లో ముగ్గురేసి సభ్యులు ఒకే మంచం మీద పడుకోవడం. అతని నవ్వు గది అవతలికి వినిపించేదని తోటి సభ్యుడొకడు రాశాడు. రాయడానికి హాయిగా ఉంది.

ఫిబ్రవరి 15, ఆదివారం

ప్రియ ఒక్కతే వచ్చింది. పిల్లల్ని హాకీకి దింపి వచ్చానంది. అంటే ఏదో మాట్లాడాలని.

ఓటు ఇరవైమూడో తారీఖున. ఆమెని గెలిపించిన వార్డులో ఇళ్ళున్నవాళ్ళే ఎక్కువ. మనవాళ్ళూ వాళ్ళలోనే ఉన్నారు. వేరే దేశాల నుంచి వచ్చిన స్టూడెంట్లకి ఓటు లేదు. అక్టోబర్‌లో మళ్ళీ ఎన్నిక. బైలా ఆమెకి ఇష్టం లేదు. ఇళ్ళు తనిఖీ చేయండి, పార్కింగ్‌కి జరిమానా వేయండి, మనుషుల్ని వెళ్ళగొట్టకండి అని ఆమె వాదన. కానీ మహీధర్ అంకుల్ మొహం చూసి కాదనలేనంది. ఇదంతా ఇంగ్లీషులోనే చెప్పింది. చివర్లో, పెల్టన్ అయితే ఏం చేసేవాడు నాన్నా అని నవ్వింది.

పెల్టన్ సంగతి వేరు. అప్పుడు జరిగింది మనుషుల్ని గొలుసులు వేసి వెనక్కి పంపే చట్టం. ఇది అద్దె ఇళ్ళ గొడవ. రెండింటినీ పోల్చడం చరిత్రకారుడు చేయకూడని పని. అదే చెప్పాను. పైగా పెల్టన్‌కి ఏం మిగిలింది? నీకు ఇద్దరు పిల్లలున్నారు, క్లినిక్ ఉంది, వచ్చేసారి గెలిస్తే ఎంతో మంచి చేయొచ్చు. ఇరవైమూడునే టొరంటోలో మీ ఫిజియోథెరపీ కాన్ఫరెన్సు ఉందన్నావు కదా, దానికి వెళ్ళు. ఎవరికీ కాదన్నట్టు ఉండదు, అవునన్నట్టూ ఉండదు అన్నాను.

కారు తాళాలు అందుకుంది. ఓకే అని లేచింది.

తండ్రిగా ఇచ్చిన సలహా ఇది. వ్యవహారంగా చూస్తే మంచిదే.

ఫిబ్రవరి 17

నా అధ్యాయాలన్నీ ముందుగా చదివేది సూర్యకుమారి. తను లైబ్రరీలో పనిచేసినప్పటి అలవాటు, తప్పులు పట్టుకుంటుంది. ఈ మధ్యాహ్నం భోజనం దగ్గర, ఆరో అధ్యాయంలో ఒక పేరా చదివి వినిపించనా అంది. సరేనన్నాను. కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

తీర్మానం రోజున సభకి రాని సభ్యుల గురించిన పేరా. ఒకడికి జ్వరం, ఒకడికి పన్నునొప్పి, ఒకడికి తల్లి ఒంట్లో బాగోలేదని కబురు. "పిరికితనం ఆ రోజు వైద్యుడి భాషలో మాట్లాడింది" అని నేను రాసిన వాక్యం.

"వాళ్ళని పిరికివాళ్ళన్నారు. మరి మన పిల్లని టొరంటో ఎందుకు వెళ్ళమన్నారు?"

మజ్జిగ కలుపుకున్నాను. రెండూ వేరన్నాను. ఆవిడ కాగితాలు సర్దేసి కంచాలు తీసింది.

ఆ వాక్యం కాస్త ఎక్కువైంది. తీసేస్తే మంచిది.

ఫిబ్రవరి 18

తీయలేదు.

ఫిబ్రవరి 23, సోమవారం

సూర్యకుమారి పక్కింటి అమ్మాయిలతో కలిసి కౌన్సిల్‌కి వెళ్ళింది. నాకు మోకాలు నొప్పిగా ఉంది. వెళ్ళలేదు. కంప్యూటర్లో లైవ్ వస్తుందని చెప్పింది. పెట్టలేదు.

ఫిబ్రవరి 24

ప్రియ టొరంటో వెళ్ళలేదు. కౌన్సిల్‌కి వెళ్ళింది. సూర్యకుమారి చెప్పినట్టే రాస్తున్నాను.

ముందు ఈశ్వరమ్మగారు మాట్లాడారట. మహీధర్ చెయ్యి పట్టుకుని మైకు దాకా నడిపించాడు. ఆవిడ ఎవరినీ తిట్టలేదు. ముప్పై ఏళ్ళుగా నేను సాయంత్రం నడిచిన వీధిలో ఇప్పుడు నడవలేకపోతున్నాను అన్నారు, అంతే. హాల్లో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. సూర్యకుమారి కూడా.

తర్వాత రిషిత. కాగితం మీద రాసుకొచ్చింది చదివింది. భయంతో ఎంత వేగంగా చదివిందంటే సగం ఎవరికీ అర్థం కాలేదు. అయినా టైము చాలలేదు, గంట కొట్టారు. మధ్యలోనే ఆపేసి, సారీ అని కూర్చుంది.

ఓటు. ఏడుగురిలో ఐదుగురు అవునన్నారు. ఒక ముసలాయన ఎప్పుడూ అన్నింటికీ కాదంటాడు, ఆయన కాదన్నాడు. రెండో కాదు ప్రియది. బైలా పాసైంది. ఏప్రిల్ ఆఖరు దాకా గడువు.

మహీధర్ ప్రియ వైపు చూడకుండా భార్యని కారెక్కించాడట.

నేను ఫోన్ చేశాను. ప్రియ ఎత్తలేదు.

మార్చి 1

ప్రియ వచ్చింది. అలిసిపోయి ఉంది. వాళ్ళమ్మ దోసెలు పోస్తుంటే వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. నేను అడగాలనుకున్నది ఒక్కటే. అడిగాను. ఎందుకు?

అవునని ఓటేయడానికే వెళ్ళిందట. అవునని చెప్పే రెండు నిమిషాల ప్రసంగం కూడా రాసుకుంది. కారులోనూ అదే చదువుకుంది. రిషిత మాటలు విని మనసు మారిందా అన్నాను. లేదంది, ఆ పిల్ల చదివింది తనకీ అర్థం కాలేదంది. ఈశ్వరమ్మ ఆంటీ మాటలే గుండెకి తగిలాయంది. అమ్మ అక్కడ ఉందని వేశావా అన్నాను. అమ్మ ఎక్కడ కూర్చుందో చూడనే లేదంది.

నేను వదల్లేదు. ఏదో ఒక కారణం ఉండాలిగా అన్నాను. అప్పుడు తెలుగులో చెప్పింది. మామూలుగా మాతో తెలుగు మాట్లాడదు.

"నాన్నా, కారణం లేదు. అవును అన్నవాళ్ళు చెయ్యి ఎత్తండి అన్నారు. నా చెయ్యి లేవలేదు. నేను కూడా ఆశ్చర్యపోయాను. అంతే."

దోసె మాడింది. సూర్యకుమారి దాన్ని తన కంచంలో వేసుకుని ఇంకొకటి పోసింది.

మార్చి 4

ఏడో అధ్యాయంలో మూడు ఊహల్నీ కొట్టేశాను. చర్చి, అబిగేల్, నది ఒడ్డు మనిషి. పాతిక పేజీలు. మిగిలింది ఆ రోజు జరిగినది మాత్రమే. వాతావరణం, పిలిచిన పేర్ల వరుస, అతను లేచిన సంగతి, ఆ మాట. ఎందుకో తెలియదని ఒక వాక్యం రాశాను. పెన్ను పెట్టేసి కిటికీ దగ్గర నిలబడ్డాను.

మార్చి 21

తెలుగు సంఘం ఉగాది. గెలిచినప్పటినుంచీ దీపం వెలిగించేది ప్రియే. ఈసారి పిలుపు రాలేదు. మేమిద్దరం వెళ్ళాం. పచ్చడి తీసుకున్నాం. మా బల్ల దగ్గర రెండు కుర్చీలు ఖాళీగా ఉండిపోయాయి. 

ఏప్రిల్ 12

ప్రియ క్లినిక్‌కి పేషెంట్లు తగ్గారట. సూర్యకుమారి చెప్పింది. ప్రియ నాకు చెప్పలేదు.

ఏప్రిల్ 26

పక్కింటి అమ్మాయిలు ఖాళీ చేస్తున్నారు. ఓనరు ఇల్లు అమ్మకానికి పెట్టేశాడు, కాబట్టి ఇద్దరు కాదు, ఆరుగురూ వెళ్ళాల్సిందే. ఇద్దరు గ్వెల్ఫ్‌లో స్నేహితుల దగ్గరికి, ఇద్దరు ఒషావాకి. రిషితకీ ఇంకో పిల్లకీ చదువు ఆగస్టు దాకా ఉంది. మన బేస్‌మెంట్ ఖాళీగానే ఉందిగా అంది సూర్యకుమారి. నేను లెక్క చూశాను. మేమిద్దరం, వాళ్ళిద్దరు, నలుగురం. బైలాకి సరిపోయింది. ఆ మాట పైకి అంటే ఆవిడ నెలల తర్వాత నవ్వింది.

నా పాత ఫైళ్ళ పెట్టెలన్నీ పైకి మోశాం. మోకాలు నిజంగానే నొప్పి పుట్టింది.

జూన్ 7

కింద నుంచి పొద్దున్నే ప్రెషర్ కుక్కర్ విజిల్. ఎనిమిదో అధ్యాయం అయింది.

ఆగస్టు 16

రిషిత పరీక్షలు అయిపోయాయి. కార్ల విడిభాగాల కంపెనీలో ఉద్యోగం దొరికి ఒషావా వెళ్ళిపోయింది. వెళ్ళేముందు మా ఇద్దరి కాళ్ళకి దండం పెట్టింది. కౌన్సిల్లో నేను సరిగ్గా మాట్లాడి ఉంటే బాగుండేది అంకుల్ అంది. నేనసలు అక్కడ లేనే లేను.

సెప్టెంబర్ 13

ప్రియ మళ్ళీ నిలబడుతోంది. సాయంత్రాలు ఇంటింటికీ తిరుగుతోంది. ఈ రోజు నేనూ తోడు వెళ్ళాను. కొందరు మర్యాదగా విన్నారు. ఒకావిడ కిటికీలోంచి చూసి లైటు ఆర్పేసింది.

మహీధర్ ఇల్లు వచ్చింది. ఈ ఇల్లు వదిలేద్దామంది ప్రియ. నేను గంట కొట్టాను. అతనే తీశాడు. లోపలికి రమ్మన్నాడు. ఈశ్వరమ్మగారు సోఫాలో ఉన్నారు, పక్కనే వాకర్. టీ ఇచ్చారు. కాసేపు వాన గురించి, మనవల గురించి. చివరికి అతనే అన్నాడు.

"చక్రధర్, నీ పెల్టన్ గొప్పవాడే. నేనూ ఒప్పుకుంటాను. కానీ ఈవిడ ఇంక నడవదు. నీ పుస్తకంలో ఈవిడకి చోటుందా?"

ప్రియ లేచి ఈశ్వరమ్మగారి పక్కన కూర్చుంది. పార్కింగ్ జరిమానా సంగతి మార్చిలో కౌన్సిల్లో మళ్ళీ పెట్టానాంటీ, అది పాసైంది, ఇప్పుడు మీ వీధిలో కారు పేవ్‌మెంట్ ఎక్కితే లాక్కెళ్ళిపోతారు అంది. తెలుసమ్మా అన్నారావిడ. కిటికీలోంచి చూస్తున్నాను, ఇప్పుడు కార్లు లేవు. నడిచేవాళ్ళూ లేరు.

మీ కాలు ఎలా ఉందో చూస్తానంది ప్రియ. ఆవిడ మడమ చేతిలో పట్టుకుని, ఇలా తోయండాంటీ, ఇంకొంచెం అంటూ కూర్చుంది. ఓటు అడగలేదు. మహీధర్ మాతో వాకిలి దాకా వచ్చాడు. బోర్డు పెట్టనని చెప్పాడు. సరే అన్నాను.

అక్టోబర్ 27

ఓడిపోయింది. రెండొందల పైచిలుకు ఓట్ల తేడా. గెలిచినాయన మంచివాడే అంటున్నారు. టైర్ల షాపు ఉంది.

అక్టోబర్ 28

సూర్యకుమారి తెల్లవార్లూ మెలకువగానే ఉంది. నేను నిద్రపోయాను. అదే నాకు బాధగా ఉంది.

నవంబర్ 9, సోమవారం

పాత కౌన్సిల్ ఆఖరి సమావేశం. నేను వెళ్ళాను. ఓడిపోయినవాళ్ళు రానక్కర్లేదని అందరూ అన్నారు, ప్రియ వస్తానంది. చూడ్డానికి వచ్చినవాళ్ళం నలుగురైదుగురం. గ్రీన్‌హౌసుల దారిలో బస్సు ఆగే చోట గాలి కొట్టకుండా ఒక షెల్టర్ కట్టాలన్న ప్రతిపాదన ఆమెదే. పొలాల్లో పనిచేసే మెక్సికో, జమైకా మనుషులూ, మన పిల్లలూ చలికాలమంతా అక్కడే నిలబడతారు. ఫోటోలు చూపించింది, పది నిమిషాలు మాట్లాడింది, ప్రశ్నలకి జవాబులిచ్చింది. వచ్చేవారం నుంచి తను అక్కడ ఉండదన్న సంగతి మర్చిపోయినట్టే ఉంది. అందరూ ఒప్పుకున్నారు. తర్వాత మేయర్ ధన్యవాదాలు చెప్పాడు, చప్పట్లు కొట్టాం, ఆమె పార్కింగ్ కార్డు గుమాస్తాకి ఇచ్చేసి కోటు వేసుకుంది.

బయట సన్నగా మంచు మొదలైంది. కాఫీకి వెళ్దామా నాన్నా అంది. వెళ్ళాం. కిటికీ పక్క బల్ల. కప్పు రెండు చేతుల్తో పట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్ళలో నా పుస్తకం గురించి సరదాకి తప్ప ఏనాడూ అడగలేదు. ఈ రోజు అడిగింది.

"ఓడిపోయాక పెల్టన్ ఏం చేశాడు?"

చెప్పాను. మొదటి ఏడాది అతని ఆఫీసు కిటికీ రెండుసార్లు పగలగొట్టారు. పెద్ద కేసులు రాలేదు. పేదవాళ్ళకి వీలునామాలు రాశాడు, సరిహద్దు తగాదాలు తీర్చాడు. పార్టీ మిత్రులు రోడ్డు అవతలికి దాటి వెళ్ళేవాళ్ళు, కొన్నేళ్ళకి అలా దాటడం మానేశారు. ఇంటి వెనక బేరి చెట్లు పెంచాడు, కాయలు బావుండేవట. కొడుకు యుద్ధానికి వెళ్ళి తిరిగొచ్చాడు, ఒక చెయ్యి లేకుండా. అబిగేల్ ముందుగా పోయింది. ఇరవై ఏళ్ళు అలా బతికి, ఒక మార్చి నెలలో న్యుమోనియాతో పోయాడు. పేపర్లో నాలుగు లైన్లు వేశారు. అందులో ఆ ఓటు సంగతే లేదు, రోడ్లు వేయించాడని ఉంది.

వింటూ కాఫీ తాగడం మర్చిపోయింది.

"బాధపడ్డాడా?"

తెలియదన్నాను. ఎక్కడా రాయలేదు.

"పడే ఉంటాడు," అంది. చల్లారిన కప్పు పక్కకి జరిపింది. "నేనైతే పడుతున్నాను."

ఆమె చేతి మీద చెయ్యి వేశాను. ఏం అన్నా సలహాలాగే ఉంటుంది. పక్క బల్ల దగ్గర ఎవరో పిల్లలు నవ్వుకుంటున్నారు. కొంతసేపటికి కళ్ళు తుడుచుకుని, రేపు ఈశ్వరమ్మ ఆంటీ క్లినిక్‌కి వస్తానన్నారు, తొమ్మిదింటికే వెళ్ళాలి, పిల్లల్ని నువ్వు స్కూల్లో దింపుతావా నాన్నా అంది.

దింపుతానన్నాను.